నడుమ తొలవని నాడె

మొన్న ధర్మవరంలో మా ఆవిడకు చీర కొందామని ఒక నేతగాడి ఇంటికి పోయాను. ఆయన చీరలు పరుస్తుంటే నేను మగ్గం మీది నాడెను చూస్తూ కూర్చున్నాను. పోగును అటూ ఇటూ మోసే చెక్క అది. నడుమ పోగు చుట్టిన కండె కోసం గుంత, రెండు కొసలా మొనలు, చూడ్డానికి చిన్న పడవలా ఉంటుంది. అడిగి, రెండు వేళ్లతో పట్టుకున్నాను. “ఏమప్పా, అట్ల పట్టుకుంటివి? అది కరవదులే,” అని ఆయన నవ్వాడు. నన్నది ఎప్పుడో కరిచిందని ఆయనకేం తెలుసు!

కొన్నేళ్ల కిందట, ఏదో తప్పు చేసి పట్టుబడిన పిల్లలను ఉంచే హోంలో నేను వడ్రంగం నేర్పేవాణ్ణి. అక్కడికి పోవడానికి హిందూపురంలో బస్సెక్కితే పెనుకొండ రాకముందే నాకు చిరాకు మొదలయ్యేది. పదునుంటే ప్రమాదమని ఉలి నూరనిచ్చేవాళ్లు కాదు. ఆ మొద్దు ఉలితో పిల్లలు చెక్కను చెక్కడం కాదు, కొరికేవాళ్లు. ఆఫీసులో చూపించలేని కోపం వాళ్ల మీద చూపించేవాణ్ణి. వాళ్లలో ధర్మవరం నేతగాళ్ల పిల్లవాడొకడు. పీటకు కాలు చెయ్యరా అని కట్టె ఇస్తే, దానికి రెండు వైపులా మొన తేల్చి కూర్చున్నాడు. కత్తే అనుకున్నాను.

“నాడె సార్. మా నాయనది కోపంలో నేనే ఇరగ్గొట్టినా. ఆదివారం చూసేకి వస్తాడు, ఇయ్యల్ల.”

“నాకే చెప్తావా? నాడెకు నడుమ గుంత ఉండల్ల. యాడుందిరా?”

“ఇంగా తొలచలేదు సార్. రోంతసేపు ఉండు, నీకే తెలుస్తాది.”

ఉండలేదు. ఆ కట్టె లాక్కుపోయి, కత్తి చేస్తున్నాడని ఆఫీసులో ఇచ్చేశాను. శిక్షగా ఆ ఆదివారం వాడిని ఎవరికీ చూపించలేదు. మూసిన గేటు ముందు వాళ్ల నాయన టిఫిన్ డబ్బాతో నిలబడి, బయటికొస్తున్న నన్నే అడిగాడు: “పోయినసారి నాడె చేసిస్తా అన్న్యాడు సార్. చేసినాడా?” వెనక్కి పోయి, పొరపాటు నాదని ఒక్క మాట చెప్పి ఉంటే గేటు తీసేవాళ్లేమో. బస్సుకు టైమైందని చెప్పి వచ్చేశాను.

వాడు మళ్లీ నా ముందు ఉలి పట్టలేదు. ఆపైన మొన ఉన్నదేదీ చెయ్యకూడదని రూలు వచ్చింది. నేను మానేసేదాకా పీటలే, ఒట్టి పీటలే.

వాడు అడిగింది రోంతసేపు. ఆ రోజు నాకు అంత తీరిక లేకపోయింది. ఇప్పుడు పొద్దంతా తీరికే, అడిగేవాడే లేడు.