బ్రేకు మీద కాలుందా

మనిషికి రోగం రావడం ఒక ఎత్తు, ఆ సంగతి ఓనరుకు చెప్పడం ఇంకో ఎత్తు. ఏడో తరగతిలో బడి మానేసినప్పటి నుంచి నేను ముగ్గురు ఓనర్ల దగ్గర పనిచేశాను. ముగ్గురికీ మూడు రకాలుగా చెప్పాల్సి వచ్చింది.

మొదటిది జనగామలో, లారీలు బాగుచేసే షెడ్డు, మేస్త్రీయే ఓనరు. పాలకుర్తి దగ్గర మా ఊరి నుంచి రోజూ పొద్దున బస్సెక్కి పోయేవాణ్ణి. జ్వరమొస్తే మా అవ్వ పోయి మేస్త్రీకి చెప్పేది. మేస్త్రీ నమ్మేవాడు కాదు. "పిలగాన్ని తోలుకరా అవ్వా, నేను సూడాలె గదా" అనేవాడు. అవ్వ వెనక్కి వచ్చి నన్ను తీసుకుని మళ్ళీ పోయేది. మేస్త్రీ గ్రీజు చెయ్యి నా నుదుటి మీద పెట్టి, "నిజమే, కాలుతాంది. సరే, ఇయ్యాల రాకు" అనేవాడు. అని, నేను ఇటు తిరగ్గానే, "ఎట్లనో వచ్చినవ్ గదా, ఆ పానా అందుకో" అనేవాడు. పానా అందుకుంటే జాకీ అందుకోవాలి, జాకీ అందుకుంటే బండి కిందికి దూరాలి. నాకు జ్వరముందని చూపించడానికి పోయి సాయంత్రం దాకా పనిచేసి వచ్చిన రోజులున్నాయి. అవ్వ అక్కడే సత్తు టిఫిన్ డబ్బా పట్టుకుని కూర్చునేది.

రెండోది భూపాలపల్లి. చెల్పూరు కరెంటు ప్లాంటు దిక్కు నుంచి బూడిద ఎత్తుకొచ్చి ఇటుక బట్టీల్లో పోసే టిప్పర్ తోలాను. ఆ ఓనరు మంచివాడే, కాని బండిని మనిషి లాగా, మనిషిని బండి లాగా చూసేవాడు. "నీకు జరమైతే నాకేంది? బండికి జరం లేదు గదా. బదిలి మనిషిని సూసుకొని ఇంటికి పో" అనేవాడు. అంటే మంచంలో పడ్డవాడు లేచి, చాయ్ హోటల్ కాడ డ్రైవర్లు కూర్చునే చోటికి పోయి, ఒక్కొక్కణ్ణి బతిమాలుకోవాలి. అన్నా జర పో, తమ్మీ జర పో. ఆ బతిమాలే ఓపికతో రెండు ట్రిప్పులు కొట్టొచ్చు. చాలాసార్లు నేనదే చేశాను.

మూడోది మానుకోట. మహబూబాబాద్ అని బోర్డుల మీద ఉంటుంది, నోట్లో మానుకోటే. అక్కడ ప్రైవేటు బడిలో బస్సు డ్రైవర్‌గా కుదిరాను. బడి వద్దని పారిపోయినవాణ్ణి, నలభై దాటాక రోజుకు రెండుసార్లు బడికి పోతున్నాను. పిల్లలతో అదే అనేవాణ్ణి. "నేను ఏడోది ఫెయిల్. మీరు పాసయ్యేదాక నన్ను ఇంటికి పోనీయరట." వాళ్ళు నవ్వేవాళ్ళు. బస్సులో నా పని సగం బండి తోలడం, సగం నవ్వించడం. ఏడ్చుకుంటూ ఎక్కే యూకేజీ పిల్ల కూడా మా రెండో స్టాపు వచ్చేసరికి నా మీద జోకులేసేది.

ఆ బడి ఓనరును అందరం పెద్దసార్ అంటాం. ఆయనకు రోగం చెప్పే పద్ధతి గ్లూకోజు. టీచరైనా, ఆయమ్మయినా, డ్రైవరైనా, బాగాలేదంటే ముందు ఊళ్ళో ఆర్ఎంపీ దగ్గరికి పోయి గ్లూకోజు పెట్టించుకుని, సూది గుచ్చిన చెయ్యి, పైన వేలాడే సీసా రెండూ కనపడేటట్టు ఫోటో తీసి సార్ ఫోన్‌కు పంపాలి. సార్ ఒక్క బొటనవేలు బొమ్మ పంపిస్తాడు. అయిపోయింది, సెలవు. సీసా లేనివాడికి రోగం లేదు.

నాకు షుగర్ ఉందని అందరికీ తెలుసు. మాత్ర గుర్తొచ్చిన రోజు వేసుకునేవాణ్ణి. మొదట అరికాళ్ళు మండేవి. తర్వాత చీమలు పాకినట్టుండేది. తర్వాత ఆ చీమలు కూడా పోయాయి. నేను సంతోషపడ్డాను, తగ్గిందని. దూది మీద నడిచినట్టుండేది. ఒకరోజు కిరాణం దుకాణానికి పోయి వస్తే మా ఆమె నన్ను కింద నుంచి పైదాకా చూసింది.

"చెప్పేది?"

"ఏం జెప్పాలె?"

"కాలుకేసుకునే చెప్పు. ఒకటే ఉంది."

చూసుకుంటే నిజంగా ఒకటే ఉంది. రెండోది దుకాణం ముందు మోరీ దగ్గర దొరికింది. అక్కడి నుంచి ఇంటి దాకా నేను ఒట్టి కాలుతో కంకర మీద నడిచి వచ్చాను. "నీకు సోయి ఉందా?" అంది మా ఆమె. "కాలుకు లేదు, నాకుంది" అన్నాను. ఇద్దరం నవ్వాం. అంతటితో వదిలేశాం.

ఆ తర్వాత కొన్నాళ్ళకు, ఒక శుక్రవారం సాయంత్రం, పిల్లల్ని దింపడానికి పోతుంటే రైలు గేటు పడింది. రోడ్డు కొంచెం వాలుగా ఉంటుంది అక్కడ. ముందు ఒక ఆటో ఆగింది, దాని వెనక నేను ఆపాను. బ్రేకు తొక్కి పట్టుకుని, వెనక్కి తిరిగి పిల్లలకేదో చెబుతున్నాను. బస్సులో మాతో పాటు వచ్చే ఆయమ్మ ఒక్కసారిగా అరిచింది.

"అన్నా! బండి పోతాంది!"

"యాడికి పోతది, తొక్కే ఉన్న గదా" అన్నాను. అని కిందికి చూశాను. నా కాలు బ్రేకు మీద లేదు. దాని పక్కన అడుగు రేకు మీద ఉంది. రేకును గట్టిగా తొక్కి పట్టుకుని ఉంది. చేతి బ్రేకు గుంజాను. బస్సుకు, ఆటోకు నడుమ జానెడు మిగిలింది. ఆటో వెనక సీటులో బియ్యం సంచి మీద చెయ్యేసి కూర్చున్న ముసలామె నా మొఖంలోకి చూస్తోంది.

"ఆటో జర ముద్దుగుంటే దగ్గరికి పోయి సూద్దామనుకున్న" అన్నాను. పిల్లలందరూ నవ్వారు. ఆయమ్మ నవ్వలేదు.

నాకు భయం వేయలేదు. వేయాల్సింది. రైలు పోయింది, గేటు లేచింది, నేను బండి తీశాను. వెనక నలభై మంది పిల్లలున్నారని తలలో తెలుస్తోంది, కాని ఆ తెలియడం కూడా నా కాలు లాగే ఉంది. ఉన్నట్టూ లేదు, లేనట్టూ లేదు.

మరునాడు రెండో శనివారం, బడి లేదు. సర్కారు దవాఖానకు పోయాను. డాక్టరమ్మ నన్ను కళ్ళు మూసుకోమని అరికాలు మీద ఏదో చేసింది.

"తెలుస్తుందా?"

"ఏంది మేడమ్?"

"నేను గుచ్చుతున్నది."

"షురూ చేసినంక చెప్పుండ్రి" అన్నాను.

ఆమె నవ్వలేదు. "కళ్ళు తెరువు" అంది. అరికాలి నిండా చిన్న చిన్న గుర్తులున్నాయి. ఏం పని చేస్తావని అడిగింది, బడి బస్సు అని చెప్పాను. రాస్తున్న కలం ఆపింది. "బస్సు నడపొద్దు. మీ సార్‌కు చెప్పు. ఇయ్యాలనే చెప్పు" అంది. మాత్రలు మార్చింది. సోయి మళ్ళీ వస్తుందా అని అడిగితే, ఉన్నది పోకుండా చూసుకోమంది.

ఆదివారం పొద్దున పెద్దసార్‌కు ఫోన్ చేశాను.

"సార్, నాకు బాగలేదు. బండి తోలలేను."

"ఏమయిందయ్యా? జరమా?"

"కాదు సార్. కాలుకు సోయి లేదు."

"నీకు తలకాయకే లేదు గదయ్యా ఎన్నడూ" అని నవ్వాడు. వెనక ఇంట్లో టీవీ చప్పుడు వస్తోంది.

"నిజం సార్."

"నొప్పి లేస్తాందా?"

"లేదు సార్."

"వాపు?"

"లేదు."

"మరి రోగమేందయ్యా?"

"నొప్పి లేకపోవుడే సార్."

ఆయన ఇంకా గట్టిగా నవ్వాడు. పక్కన ఎవరికో చెప్పాడు కూడా, మన డ్రైవర్‌కు ఏ నొప్పీ లేదట, అదే రోగమట అని. వాళ్ళూ నవ్వారు. నా తప్పేమీ లేదని కాదు. ఇన్నేళ్ళుగా ఆ ఫోన్‌లో నా గొంతు వినపడితే నవ్వడానికే ఆయన అలవాటు పడ్డాడు.

"సరే, ఒక గ్లూకోజ్ ఎక్కించుకొని పొద్దుగాల్ల రా. పిల్లల పరీక్షలు గదా" అన్నాడు.

"షుగర్ ఉన్నోనికి గ్లూకోజ్ ఎట్ల ఎక్కిస్తరు సార్?"

"అగో, మళ్ళ షురూ చేసినవ్" అని ఫోన్ పెట్టేశాడు.

జ్వరముంటే నుదురు ఇవ్వొచ్చు. దగ్గుంటే దగ్గొచ్చు. మూలగడంలో నన్ను మించినవాడు లేడు, భూపాలపల్లిలో తోటి డ్రైవర్ల తరఫున కూడా ఫోన్‌లో మూలిగేవాణ్ణి. కాని ఏమీ తెలియకపోవడాన్ని ఎట్లా మూలగాలి? అద్దం ముందు నిలబడి రెండు మూడు రకాలుగా చెప్పి చూసుకున్నాను. ప్రతిదీ జోకు లాగే వచ్చింది.

"రేపు పోయి మొఖం మీదనే చెప్పు" అంది మా ఆమె.

"బడి దాకా ఎట్ల పోవాలె?"

"బస్సు మనింటి ముందే ఉంది గదా" అంది. అన్నాక ఇద్దరికీ అర్థమైంది. ఆమె లేచి పోయి అన్నం కింద మంట తగ్గించింది.

సోమవారం పొద్దున బస్సు తీశాను. ఎందుకు తీశానంటే చెప్పలేను. రోడ్ల మీద పిల్లలు నిలబడి ఉంటారు, అది ఒకటి. ఇంకొకటి, వద్దని లోపల ఏదీ గట్టిగా అనలేదు. మొదటి స్టాపులో తండా దగ్గర ఆయమ్మ ఎక్కుతుంది. ఆమె ఎక్కగానే మొత్తం చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు కాబట్టి తొందరగా అయిపోయింది.

"నాకు ఎరుకే అన్నా. శుక్రారం నీ కాలు సూసిన. బండి ఈడ్నే ఆపు."

"పోరగాండ్లు రోడ్డు మీద ఎండల నిలబడ్తరు. పరీక్షలాయె."

ఆమె తన ఫోన్‌లో వాళ్ళ భాషలో ఎవరితోనో రెండు మాటలు మాట్లాడింది. తమ్ముడు ట్రాక్టర్ తోలతాడు, వస్తాడేమోనని. వాడు మందు కొట్టడానికి చేనుకు పోయాడు. అప్పుడామె కొంగు నడుముకు చుట్టి, నా పక్కన ఇంజన్ డబ్బా మీద కూర్చుంది. రోడ్డు వైపు కాదు, నా కాళ్ళ వైపు తిరిగి.

"నువ్వు రోడ్డు సూడు. నేను కాలు సూస్త."

ఎడ్లబండి కన్నా మెల్లగా పోయాం. ఆపాల్సి వచ్చినప్పుడు నేను కాలు ఎత్తి పెడతాను, ఆమె చెబుతుంది. "ఉంది." మళ్ళీ పెడతాను. "లేదన్నా, జర కుడికి... ఇగో, ఉంది." మూడో స్టాపులో పిల్లలు ఆమెను గమనించారు. నాలుగో స్టాపుకు వాళ్ళకదొక ఆటయింది. ముందు సీట్లో కూర్చున్న ఇద్దరు వంగి చూసి అరవడం మొదలుపెట్టారు, వెనకవాళ్ళు అందుకున్నారు.

"బ్రేకు మీద కాలుందా?"

"ఉందీ!"

మూలమలుపు దగ్గర, బర్రెలు అడ్డమొచ్చిన దగ్గర, గేటు దగ్గర, బస్సంతా ఒక్క గొంతు. మామూలు రోజైతే నేను ఆ పాటకు ఇంకో చరణం కట్టేవాణ్ణి. చేతులు స్టీరింగు మీద ఉన్నాయి, అవి చెమటతో తడిసి ఉన్నాయి, అది మాత్రం తెలిసింది.

బడి గేటు దగ్గర పెద్దసార్ నిలబడి ఉన్నాడు, రోజూ నిలబడతాడు. ఆలస్యమైనందుకు చేతి గడియారం చూపించాడు. బస్సు ఆగింది. "ఉందీ!" అని పిల్లలు చివరిసారి అరిచి దిగారు. సార్ నవ్వుతూ ముందుకొచ్చాడు.

"ఏందే ఆయమ్మా ఈ లొల్లి? ఏముంది?"

"కాలు సార్" అంది ఆయమ్మ, ఇంజన్ డబ్బా మీద నుంచి లేవకుండానే. "అన్న కాలు బ్రేకు మీదుందా లేదా అని సూసుకుంట వచ్చినం. ఆయినెకు తెలుస్తలేదు."

సార్ ఆమెను చూశాడు, నన్ను చూశాడు. నవ్వు ఇంకా మొఖం మీదే ఉంది, నా వంతు కోసం ఆగి ఉంది. నేనొక మాట అంటే చాలు. ఆయన నవ్వుతాడు, పిల్లలు లోపలికి పోతారు, సాయంత్రం బండి నాదే, ఈ నెలా వచ్చే నెలా నాదే. ఆ మాట నోటి దాకా వచ్చింది కూడా, మంచి మాటే. నేను అనలేదు.

"నిజమే సార్" అన్నాను.

ఆయన మెట్లెక్కి వచ్చి, పిల్లలు దిగిపోయిన సీట్ల వైపు ఒకసారి చూశాడు. యూకేజీ పిల్ల నీళ్ళ బాటిల్ ఒకటి కింద దొర్లుతోంది. దాన్ని తీసి సీటు మీద పెట్టాడు.

"మరి పొద్దుమూకి పిల్లలను ఎవరు దించుతరు?"

"ఎవలన్న సార్. నేనైతే కాదు."

బండి తాళం తీసి ఇచ్చాను. అంతకు ముందు ఎన్ని రకాలుగా చెప్పడానికి చూశానో, చివరికి పట్టింది ఇంతే. సార్ కిందికి దిగి ఫోన్ తీశాడు, బదిలీకి వచ్చే ఎవరో యాక్టింగ్ డ్రైవర్‌తో మాట్లాడుతున్నాడు. మెట్టు కాలికి తెలియక నేను తడబడితే ఆయమ్మ రెక్క పట్టుకుని దించింది. గ్రౌండులో ప్రార్థన మొదలైంది. బాధ వస్తుందేమోనని చూశాను. రాలేదు. బరువు దిగినట్టూ అనిపించలేదు.

సార్ ఫోన్‌కు చెయ్యి అడ్డం పెట్టి నా వైపు తిరిగాడు.

"ఎన్ని రోజులని చెప్పాలె?"

"రేపటికి కూడా రమ్మనుండ్రి సార్."

"ఎల్లుండికి?"

"ఎల్లుండికి కూడా."

ఆయన ఇంకో రోజు అడగబోయి, ఆగి, ఫోన్‌లో అవతలివాడితో, "నువ్వు రావయ్యా, వచ్చినంక మాట్లాడుకుందాం" అన్నాడు.