పిట్టగోడ దాటని మొక్కలు

పాత నూలు చీర చించుతుంటే వచ్చే చప్పుడు నాకు పడదు. ఈ ఉదయం టమాటా మొక్కలకు కట్లు కట్టడానికి తప్పక చించాను. ఆ చప్పుడు వెంటే, ప్రత్తిపాడులో డాబా మీద గోనెపట్టా పరుచుకుని కూర్చునే దానియేలు మాస్టారు గుర్తొచ్చారు.

ఆయన బడిలో లెక్కలు చెప్పి రిటైరై, రెండెకరాల్లో పత్తి వేసుకునేవారు. నేను కొత్తగా టీచరు ఉద్యోగంలో చేరి, వారి మేడ మీది గదిలో అద్దెకు దిగాను. ఆయన భార్య సుగుణమ్మ గారిని పిన్ని అని పిలిచేదాన్ని. ఆమెకు క్యాన్సరు ఎముకల్లోకి దిగింది. మామూలు నొప్పి బిళ్ళలు పనిచేయడం మానేశాయి. గట్టి మందు కోసం మాస్టారు గుంటూరు వెళ్ళిన ప్రతిసారీ స్టాకు లేదన్న మాటతోనే తిరిగొచ్చేవారు. చివరికి ఎక్కడినుంచో గింజలు తెచ్చి, డాబా మీద ఖాళీ రంగు డబ్బాల్లో నాలుగు గంజాయి మొక్కలు పెంచారు. నా దగ్గర దాచలేదు. "భయమేస్తే గది ఖాళీ చెయ్యి తల్లీ, ఏమీ అనుకోను" అన్నారు. నేను చేయలేదు. అప్పట్లో నాకు చాలా ధైర్యం ఉందనుకునేదాన్ని.

ఆ మొక్కలకు పైకి ఎగబాకడం తప్ప వేరే ధ్యాస ఉండదు. పిట్టగోడ దాటితే వీధికి కనబడతాయి. అందుకని మాస్టారు పత్తికి తుంచినట్లే వాటికీ తలలు తుంచేవారు. పక్క కొమ్మలను వంచి, పిన్ని పాత చీర పీలికలతో డబ్బా అంచుకు కట్టడం నాకు నేర్పారు. మొదటిరోజే నేను గట్టిగా లాగి ఓ కొమ్మ విరిచాను.

"నీ బళ్ళో పిల్లల చెవులనుకున్నావా?" అని నవ్వారు. "రోజుకి కాస్త వంచు. ముడిలో నీ వేలు పట్టాల. అదీ బతకాలిగా!"

ఆ ఆకు మొదలుపెట్టాక పిన్ని మూలుగు తగ్గింది. నెల తిరిగాక ఒక ఆదివారం తనే జడ వేసుకుని, నా చెయ్యి పట్టుకుని చర్చికి నడిచింది. ఆరాధన మధ్యలో పాస్టరు గారు సాక్ష్యం చెప్పేవాళ్ళను లేవమన్నారు. దేవుడి వల్ల మేలు పొందినవాళ్ళు దాన్ని సంఘం ముందు దాచకుండా చెప్పుకోవాలి. పిన్ని లేచింది. మగవాళ్ళ వైపు నుంచి మాస్టారు వద్దన్నట్లు తల ఊపుతున్నారు. ఆమె చూడలేదు.

"ప్రభువు మా డాబా మీదే నాకు మందు మొలిపించాడయ్యా. ఈ నెల్లాళ్ళూ ఏడవకుండా పడుకున్నాను."

"స్తోత్రం!" అన్నారందరూ.

"ఏం మందు వదినా?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

చర్చిలో నిలబడి అబద్ధమాడటం ఆమెకు చేతకాదు. "గంజాయాకమ్మా" అంది.

మంగళవారం పోలీసులు వచ్చారు. మొక్కలను వేళ్ళతో సహా పీకి, పీలికలు వేలాడుతుండగానే జీపులో పడేశారు. పైన ఉండే టీచరుకు తెలీదా అని ఎస్సై నిలదీశాడు. "గోంగూరని చెప్పి నీళ్ళు పోయించానండి. ఆ పిల్లకేం తెలీదు" అన్నారు మాస్టారు. నేను తలూపాను. జీపు ఎక్కుతూ ఆయన నా వైపు ఒక్కసారి చూశారు. ఎండబెట్టిన ఆకు డబ్బా ఒకటి నా గదిలో ఉంది. ఆ సంగతి మా ఇద్దరికే తెలుసు.

ఆ సాయంత్రమే దాన్ని మరుగుదొడ్డిలో పోసి బకెట్ల కొద్దీ నీళ్ళు కొట్టాను. ఉద్యోగం పోతుందని భయం. ఇంకే కారణమూ లేదు.

పిన్ని పదకొండు రోజులు అరిచింది. "అమ్మాయ్, ఎక్కడన్నా కాస్త మిగిలిందేమో చూడవే" అని మొదట్లో బతిమాలింది. లేదు పిన్నీ అన్నాను. తర్వాత అడగలేదు. నొప్పి తట్టుకోలేక కట్టుకున్న నూలు చీరనే చేతులతో చించుకునేది. పన్నెండో రోజు చనిపోయింది. మాస్టారిని ఇద్దరు కానిస్టేబుళ్ళు సమాధి దగ్గరకు తీసుకొచ్చి, మట్టి వేయించి తీసుకెళ్ళిపోయారు.

బెయిలు మీద వచ్చిన రోజున ఆయన నేరుగా మేడ మెట్లెక్కి వచ్చారు. మనిషి సగమైపోయారు.

"నీ గదిలో డబ్బా ఉందిగదా అని, జైల్లో అదొక్కటే ధైర్యం తల్లీ. పిన్నికి ఇచ్చావుగా?"

"ఇచ్చానండి."

"చివర్లో బాధపడలేదుగా?"

"లేదండి మాస్టారూ. నిద్రలోనే పోయింది."

ఆయన రెండు చేతులూ ఎత్తి నాకు దణ్ణం పెట్టారు.

ఆయన పోయి కూడా చాలా ఏళ్ళయింది. ఇవాళ కూడా టమాటా కొమ్మను కొంచెమే వంచి, నా వేలు పట్టేలా ముడి వేశాను. ఆదివారాలు చర్చికి వెళుతూనే ఉన్నాను. సాక్ష్యం చెప్పేవాళ్ళు లేవండి అన్నప్పుడు మాత్రం తల దించుకుని చాప మీదే కూర్చుంటాను.