మధ్యలో నడిచే మనిషి

మా నాన్న బిలాస్‌పూర్‌లో గూడ్స్ గార్డుగా రిటైరయ్యారు. డ్యూటీ దిగారే తప్ప బండి దిగలేదని అమ్మ అంటుంటుంది. చలికాలంలో నెలకొక ఆదివారం మమ్మల్నందర్నీ పొద్దున లోకల్ ఎక్కించి, కర్గీ రోడ్ దాటాక మొదలయ్యే కొండల్లో ఏదో ఒక చిన్న స్టేషన్‌లో దింపి, అడవిలో నడిపించడం ఆయనకు అలవాటు. నడక కూడా రైల్వే పద్ధతిలోనే. ముందు ఆయన, మెడలో విజిల్. చివర నేను, నా బ్యాగుకు ఎల్.వి. బోర్డు.

ఆ బోర్డు సంగతి చెప్పాలి. ఎల్.వి. అంటే లాస్ట్ వెహికల్, చివరి పెట్టె. ప్రతి రైలుకూ చివరి పెట్టె వెనక ఒక చిన్న బోర్డు తగిలిస్తారు. స్టేషన్ దాటుతున్న బండి వెనక ఆ బోర్డు కనిపించిందంటే బండి మొత్తం వచ్చేసినట్టే, మధ్యలో పెట్టెలేవీ తెగిపోలేదన్నట్టే. నాన్న పాత నూనె డబ్బా రేకు కత్తిరించి, పసుపు రంగు వేసి, మాకూ ఒకటి తయారుచేశారు. ఆగిన ప్రతిచోటా నేను గిరుక్కున తిరిగి వీపు చూపించాలి. ఆయన బోర్డు చూసి "కంప్లీట్" అంటారు. తలలు లెక్కపెట్టడం ఆయనకు నామోషీ. లెక్కపెట్టేది మేకల్నట. నేను బ్యాంకులో ఆఫీసర్ని, రోజుకు పదిమందికి ఎదురు చెబుతాను. ఆయనకు మాత్రం ఏనాడూ చెప్పలేదు.

మొన్న జనవరిలో ఆరుగురం వెళ్ళాం. ముందు నాన్న, ఆయన వెనక లాల్‌ఖదాన్‌లో ఉండే ఆయన పాత స్నేహితుడూ వాళ్ళావిడా, తర్వాత మా తమ్ముడు, తమ్ముడి వెనక అమ్మ, చివర నేను. టీ ఫ్లాస్కు, పులిహోర డబ్బా అమ్మ సంచిలో. అవి ఎప్పుడూ అమ్మ సంచిలోనే ఉంటాయి. ఆ రోజు ఆమె నేను కొత్తగా కొనిచ్చిన బూట్లు వేసుకుని, తన బూడిదరంగు శాలువా తలమీదుగా కప్పుకుంది. "బూట్లు కరుస్తన్నాయే" అని రైల్లో రెండుసార్లు అంది. వాడగా వాడగా సరిపోతాయిలే అన్నాను.

అది రైలు సొరంగం పైనుంచి పోయే కొండదారి. ఎక్కడం మొదలుపెట్టిన అరగంటకు పొగమంచు దిగింది. తొమ్మిది దాటితే మంచు విడిపోవాలి. ఆ రోజు ఇంకా చిక్కబడింది. సాల చెట్ల మొదళ్ళు కనిపిస్తున్నాయి, పైన కొమ్మలు లేవు. ఒక్క పిట్ట కూయడం లేదు. ఒకచోట కాళ్ళ కింద నేల సన్నగా వణికింది. కింద సొరంగంలో బండి పోతోందని నాకు తెలుసు. ఈ పట్టాల పక్కనే పుట్టి పెరిగినదాన్ని. అయినా ఆ చప్పుడు సొరంగం దాటి బయటికొస్తే వినాలని నిలబడ్డాను. రాలేదు. నేల లోపలే ఎక్కడో తగ్గిపోయింది.

బూటు లేసు ఊడితే వంగి కట్టుకున్నాను. తలెత్తేసరికి ఎదురుగా తెల్లటి గోడ. గబగబా నాలుగడుగులు వేశాక బూడిదరంగు శాలువా కనిపించింది. హమ్మయ్య అనుకుని దాని వెనకే నడిచాను. "మెల్లిగా అమ్మా" అన్నాను. శాలువా మెల్లిగా నడిచింది. "బూట్లు ఇంకా కరుస్తన్నాయా?" అని అడిగాను. జవాబు లేదు. అలిగిందనుకుని ఊరుకున్నాను. అలా పావుగంట నడిచాం. అంతసేపట్లో ఆమె ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు. అమ్మ అలా నడవదు, పది అడుగులకోసారి నేను వస్తున్నానో లేదో చూసుకుంటుంది. ఆ తేడా నాకు తర్వాత తట్టింది. అక్కడ తట్టలేదు.

బండరాళ్ళున్న చదును దగ్గర నాన్న ఆగి విజిల్ వేశారు. నేను చేరుకుని, తిరిగి బోర్డు చూపించాను. "కంప్లీట్" అన్నారు. తలా ఒక రాయి తడుముకుని కూలబడ్డాం. పక్క రాతిమీద ఎవరున్నారో కూడా సరిగ్గా తెలియడం లేదు. కాసేపటికి నాన్న, "ఏమే, టీ పొయ్యి" అన్నారు.

ఎవరూ పొయ్యలేదు.

"ఏటి, ఇనబడనేదా?" అని మళ్ళీ అన్నారు. స్నేహితుడి భార్య, "వదిన నా కాడ నేదు అన్నయ్యా, అమ్మాయి కాడుందేమో" అంది. తమ్ముడు, "నా వెనకాల కదా దీదీ, నీకే కనబడాలి" అన్నాడు. నా ముందే నడిచింది అన్నాను. ఆ మాట అంటూనే లేచి ఒక్కొక్క రాయి దగ్గరికీ వెళ్ళి ముఖాలు చూశాను. ఐదుగురమే ఉన్నాం.

రైలు పెట్టెలను కొక్కేలతో బిగిస్తారు. చివరిది వచ్చిందంటే మధ్యవన్నీ వచ్చినట్టే. మనుషుల్లో మధ్యమనిషి ఆగిపోయినా చివరి మనిషి నడుచుకుంటూ వచ్చేస్తుంది. ఇంత చిన్న సంగతి ఇన్ని చలికాలాల్లో మా రైల్వే బుర్రల్లో ఒక్కదానికీ తట్టలేదు. ఎలుగుబంట్లు తిరిగే కొండ, ఒకవైపు లోయ. అరవై ఎనిమిదేళ్ళ అమ్మను ఎక్కడో వదిలేసి, కంప్లీట్ అనిపించుకుని కూర్చున్నాను. నామీద నాకే అసహ్యం వేసింది.

వచ్చిన దారినే వెనక్కి పరిగెత్తాం. నాన్న విజిల్ వేస్తుంటే కాసేపటికి అవతలి కొండ నుంచి విజిల్ తిరిగొచ్చేది. ప్రతిధ్వనేనని అందరికీ తెలుసు. కానీ ఆయన పొడుగ్గా వేసినా అది పొట్టిగానే వచ్చేది. నాలుగోసారి కూడా అలాగే వచ్చాక ఆయన విజిల్ వదిలేసి నోటితో పిలవడం మొదలుపెట్టారు. నాన్న అమ్మను పేరు పెట్టి పిలిచి ఎరగరు. మంచులోకి "ఏమే, ఏమే" అని అరుస్తూనే ఉన్నారు. అది వినలేక నేను చెవులు మూసుకున్నాను.

నేను లేసు కట్టుకున్న చోటికి కాస్త పైన, లోయ అంచున, అమ్మ కొత్త బూట్లు కనిపించాయి. జత కలిపి, ముఖాలు లోయవైపు పెట్టి ఉన్నాయి. మేజోళ్ళు మడిచి లోపల దోపి ఉన్నాయి. మా ఇంట్లో గుమ్మం ముందు చెప్పులు అమ్మ అలాగే సర్దిపెడుతుంది. నాన్న అక్కడే చతికిలబడిపోయారు. కిందికి చూసే ధైర్యం నాకు లేదు. తమ్ముడు బోర్లా పడుకుని తల చాచి చూసి, "కుఛ్ నహీ దీదీ, అంతా తెల్లగుంది" అన్నాడు.

అప్పుడు మా వెనక ఫ్లాస్కు మూత తిప్పుతున్న చప్పుడైంది.

దారికి రెండో పక్క, పది గజాలు పైకి వెళ్తే, ఒక సాల చెట్టుకు ఆనుకుని అమ్మ కూర్చుని ఉంది. మూతలో టీ పోసుకుని ఒక్కతే తాగుతోంది. ఎవరికీ ఇవ్వకుండా అమ్మ ముందుగా టీ తాగడం నా జన్మలో చూడలేదు. "ఇంతసేపు పిలస్తంటే పలకవేటి?" అన్నారు నాన్న. కోప్పడాలనుకున్నారు, ఏడుపు వచ్చింది. అమ్మ ఆయన్ని వింతగా చూసింది. "ఉండండి, తాగి వస్తాను" అంది.

ఆ రోజు ఇంక నడవలేదు. మధ్యాహ్నం బండికే తిరిగొచ్చాం. అమ్మ కిటికీ పక్కన కూర్చుంది, నేను ఆమె పక్కన. ఆవలి సీటులో నాన్న కళ్ళు మూసుకుని ఉన్నారు. ఏం జరిగిందని మెల్లగా అడిగాను.

"బూట్లు ఇప్పుకుందావని పక్కకి తప్పుకున్నాను. నువ్వు లేసు కట్టుకుని లేచి, నా పక్కనుండే ఎల్లిపోయావు. పిలుద్దావనుకున్నాను. ఇంతట్లో నీ ముందు ఎవరో ఎల్తంది. నాలాగే శాలువా కప్పుకుంది. నువ్వు దాన్ని అమ్మా అన్నావు."

కట్టెలకొచ్చిన ఏ ఊరావిడో అయ్యుంటుందన్నాను. నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. ఇప్పటికీ అదే చెప్పుకుంటాను.

"అచ్ఛా" అంది అమ్మ. "మరి నేను ఎల్లిపోతన్నట్టే ఉంది కదా. ఇంక నేను రావడం దేనికని కూకుండిపోయాను."

"విజిల్ ఇనబడలేదా?"

"ఇనబడింది."

"నాన్న పిలిచింది?"

"అదీ ఇనబడింది."

ఆమె గొంతులో అలక లేదు, నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేదనిపించింది. అడగకూడదని తెలుస్తూనే అడిగాను. "మేం ఎనక్కి రాకపోతే ఏం చేద్దువు?"

అమ్మ కిటికీలోంచి చూస్తూ, "అక్కడ బాగానే ఉందే" అంది.

బిలాస్‌పూర్ వచ్చేదాకా ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాను. ఆమె తన చేయి వెనక్కి తీసుకోలేదు. నా చేయి పట్టుకోనూ లేదు.