నాన్న నడక మీద కట్టిన పాట

ఎక్కడైనా పాటకు ముందు బాణీయో మాటలో పుడతాయి. ఆ నలుగురి రాక్ బ్యాండ్‌లో మాత్రం ముందు దరువు పుట్టాలి. పుట్టించే పని డ్రమ్మర్‌ది. మహానుభావుడు సొంతంగా కనిపెట్టేదేమీ లేదు. కుట్టుమిషన్ నుంచో, కారే కుళాయి నుంచో ఎత్తుకొచ్చేవాడు. వాళ్ళకు పేరు తెచ్చిన పాట దరువైతే ఇంట్లోనే దొరికింది. మిల్లులో యంత్రం కింద కాలు నలిగిన తండ్రి మెట్లెక్కే చప్పుడది: ఒక బరువైన అడుగు, ఒక ఈడ్పు, మళ్ళీ బరువైన అడుగు. ఈ సంగతి బ్యాండ్‌లో అందరికీ తెలుసు. తండ్రికి మాత్రం చెప్పలేదు. మొదట్లో బాధపడతాడేమోనని, తర్వాత ఇన్నాళ్ళూ ఎందుకు దాచావంటాడేమోనని, ఇరవై ఏళ్ళు గడిపేశాడు.

ఇప్పుడు సినిమావాళ్ళు ఆ పాట అడిగారు. నలుగురూ సరేనంటేనే ఇవ్వాలన్నది బ్యాండ్ నియమం. ఒప్పందం కాగితంలో సన్నివేశం కూడా రాసి ఉంది: కుంటి దొంగ పారిపోతుంటాడు, జనం నవ్వాలి.

"నువ్వు వద్దంటే వద్దురా," అన్నాడు గిటారిస్టు.

డ్రమ్మర్ కుంటి దొంగ వాక్యం రెండుసార్లు చదివాడు. తెర మీద తన పేరు పడుతుందన్న వాక్యం నాలుగుసార్లు చదివాడు. సంతకం పెట్టేశాడు.

సినిమా విడుదలైంది. ఇక తండ్రి ఆగుతాడా! ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కొడుకును మ్యాట్నీకి లాక్కెళ్ళాడు. టికెట్లు చింపే అతనికి, పక్క సీటాయనకు, వెనక సీటావిడకు, అడిగినా అడక్కపోయినా, "మావాడి పాట," అని చెప్పాడు.

దొంగ పరుగందుకున్నాడు. దరువు మొదలైంది. హాలంతా పగలబడి నవ్వింది. తండ్రీ నవ్వాడు, కాసేపు. మోకాలి మీద దరువేస్తున్న ఆయన చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది.

"ఏరా, ఇది నేను మెట్లెక్కే చప్పుడు కదూ?"

"అబ్బే, కాదు నాన్నా. మామూలు దరువే."

నలభై ఏళ్ళు దాటినవాడు, కన్నతండ్రి మొహం చూడకుండా అబద్ధమాడాడు. ఆడాక సిగ్గుతో చచ్చిపోయాడు. ఆఖర్న పేర్లు పడుతుంటే తలెత్తలేకపోయాడు.

"పడిందిరా నీ పేరు," అని తండ్రే చెప్పాడు.

ఇంటికొచ్చారు. కాలు నలిగిన నాటి నుంచీ ఎవరి ముందూ నడవడానికి మొహమాటపడని మనిషి, మెట్ల దగ్గర కమ్మీ పట్టుకుని పక్కకు జరిగాడు.

"నువ్వు పైకెళ్ళి తలుపేసుకోరా. నేను తర్వాత ఎక్కుతాను."