నేను మూసేసిన చీటీ

మా ఆఫీసులో ఓ మూల పాత కంప్యూటర్ ఒకటి ఉంది. అది వేడెక్కితే గదంతా దుమ్ము కాలిన వాసన వస్తుంది. కొత్తగా చేరినవాళ్లు ముక్కు మూసుకుని కిటికీ తెరుస్తారు. నాకు మాత్రం ఆ వాసనతో రాజేశం సార్ గుర్తొస్తారు, వెంటనే తల దించుకోవాలనిపిస్తుంది. ఆయన పోయి రెండేళ్లయినా ఆ సిగ్గు నన్ను వదల్లేదు.

ఈ సాఫ్ట్‌వేర్ ఆఫీసు పెట్టింది ఆయనే. కరీంనగర్‌లో ఒక మందుల షాపు పైన రెండు గదులు, నలుగురం మనుషులం. సార్ అంతకుముందు శ్రీరాంపూర్ బొగ్గు గనిలో ఎలక్ట్రీషియన్. మోకాలు దెబ్బతిని బయటికొచ్చాక, నలభై దాటిన వయసులో ప్రోగ్రామింగ్ నేర్చుకున్నారు. ఎవరైనా విప్పి చూసుకోగలిగే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ తప్ప ఇంకోటి వాడనిచ్చేవారు కాదు. మేం ప్రోగ్రాంలో ఏ మార్పు చేసినా ఆ పాత కంప్యూటరే అన్నీ కలిపి తయారుచేసి, పరీక్షించి, ఎక్కడ తప్పిందో చెప్పేది. వాడేవాళ్లు చెప్పిన లోపాలు ఇంకో చోట వరుసగా ఎక్కేవి. అందరూ వాటిని బగ్ అంటే ఆయన చీటీ అనేవారు. ఆ లోపం తీరిపోయిందని నమోదు చేయడమే చీటీ మూయడం. చేరిన మొదటి రోజే నాకు ఒక నియమం చెప్పారు.

"చీటీ రాసినోళ్లే చీటీ మూయాలె. బాగు జేసినమని మనకు మనం అనుకునుడు కాదు, బాగైందని ఆళ్లు చెప్పాలె."

"ఆళ్లు చెప్పకపోతే ఎట్ల సార్?"

"ఫోన్ జెయ్యి. ఎత్తకపోతే బస్సెక్కు."

నాకది చాదస్తంగా తోచింది. పెద్దపల్లిలో డిగ్రీ ఫస్ట్ క్లాసులో పాసై వచ్చినదాన్ని, నేల మీద నడవని రోజులవి. ఒకసారి చీటీలు మూడే మిగిలాయని గొప్పగా చెబితే ఆయన మెచ్చుకోలేదు. "ఒక్కటి గూడ లేకపోతే నాకు భయమైతదమ్మా. గనిల లోపాలు రాసే రిజిస్టర్ ఖాళీగ ఉన్నదంటే అంత మంచిగున్నట్టు కాదు, ఎవ్వలూ దిగి చూడనట్టు," అన్నారు. నేను నవ్వి ఊరుకున్నాను.

ఉట్నూర్ దగ్గర గిరిజన ఆడపిల్లల హాస్టల్ ఒకదానికి ఆరోగ్య వివరాల సాఫ్ట్‌వేర్ చేశాం. ఏ పిల్ల రక్తపరీక్షలో ఏం వచ్చింది, ఎవరికి ఏ మాత్రలు ఇవ్వాలి అన్నీ అందులోనే. ఒకరోజు హాస్టల్ నర్సు కమలాబాయి సిస్టర్ చీటీ రాసింది, జాబితాలో ఒక పిల్ల కనిపించడం లేదని. తెరిచి చూశాను. మడావి లక్ష్మి, తండ్రి జంగు. అదే పేరు, అదే తండ్రి పేరు రెండుసార్లు ఎక్కించారు, మా సాఫ్ట్‌వేర్ రెంటినీ ఒకటి చేసింది. మంచి పనే చేసిందనుకున్నాను. మర్నాడు మా పని చూడటానికి అధికారులు వస్తున్నారు, వాళ్లకు చీటీల దగ్గర సున్నా చూపించాలని నా ఆరాటం. అడవిలో ఉండే నర్సుకు కంప్యూటర్ గురించి ఏం తెలుసని కూడా అనుకున్నాను. "ఒకే పిల్లను రెండుసార్లు ఎక్కించారు, సాఫ్ట్‌వేర్ తప్పు లేదు" అని రాసి చీటీ మూసేశాను. ఫోన్ చేయలేదు.

ఆ హాస్టల్లో ఇద్దరు లక్ష్ములు ఉన్నారు. వేరువేరు ఊళ్లు, వేరువేరు జంగులు. ఆ వైపు ఒకే ఇంటిపేరు, ఒకే పేరు ఎందరికో ఉంటాయి. ఆ ఇద్దరిలో ఒక పిల్లకు సికిల్ సెల్ అనే పుట్టుకతో వచ్చే రక్తపు జబ్బు. జబ్బు లేదన్న రెండో పిల్ల రిపోర్టు ఈమె రిపోర్టు మీద కూర్చుంది. మాత్రలు పైనుంచి జాబితా ప్రకారమే వచ్చేవి, సిస్టర్ అడిగినా జాబితాలో లేదన్నారు, కాబట్టి ఈమెకు రావడం ఆగిపోయింది. రెండు నెలలకు కాళ్ల నొప్పులు, ఛాతీ నొప్పితో పిల్లను ఆసుపత్రిలో చేర్చారు.

సార్ ఆ మోకాలితోనే జీపెక్కి నన్ను తీసుకుని వెళ్లారు. హాస్టళ్లు చూసే ఆఫీసరు ముందు సార్, నేను, సిస్టర్. "ఈ కంప్లైంట్ క్లోజ్ చేసిందెవరు?" అని ఆఫీసరు అడిగాడు.

"నేనే మూసిన సార్. తప్పు నాదే," అన్నారు రాజేశం సార్.

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటారంటారు. నేను ఆ మాత్రం కూడా కదల్లేదు. ఆఫీసరు ఆయన్ను పావుగంట సేపు తిట్టాడు, నేను నేల చూస్తూ నిలబడ్డాను. తర్వాత ఆసుపత్రికి వెళ్లాం. పదేళ్ల పిల్ల, చేతికి సెలైన్. "గీ అక్కనే కంప్యూటర్ల మీ పేర్లు చూస్తది," అని సిస్టర్ నన్ను చూపించింది.

"నా పేరు గిప్పుడున్నదా అక్కా?" అని అడిగింది లక్ష్మి.

"ఉన్నది," అన్నాను. అప్పటికింకా లేదు.

పిల్ల కోలుకుంది. ఒక్కో పిల్లకు ఒక్కో నంబరు ఇచ్చి నేనే సరిచేశాను, సిస్టర్ చూసుకుని తన చేత్తో చీటీ మూసింది. సార్ నన్ను ఒక్క మాట అనలేదు. ఎవరు మూశారో ఆయన వెతకలేదనీ, నన్ను కాదు ఆఫీసును కాపాడారనీ అనుకున్నాను. ఆ తర్వాత ఎనిమిదేళ్లు ఆయన దగ్గరే పనిచేశాను. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూనే ఉన్నాను.

సార్ పోయిన పదకొండో రోజు కమలాబాయి సిస్టర్ కరీంనగర్ వచ్చింది. ఆయన ఇంటి అరుగు మీద పక్కన కూర్చుని, "సిస్టర్, అప్పటి చీటీ మూసింది నేను," అన్నాను.

"తెల్సు బిడ్డా," అందామె. "నువ్వు మూసినవని నీ పేరుతోనే నాకు మెయిల్ అచ్చింది గద. సారుకు గూడ అచ్చింది, పిల్ల దవాఖానల పడ్డంక చూసిండట."

చీటీ మూయగానే, మూసినవాళ్ల పేరుతో మెయిల్ దానంతటదే వెళ్తుంది. అలా పెట్టింది నేనే, పెట్టి మరిచిపోయాను.

"మరి ఆ రోజు ఆఫీసరు ముందర మీరెందుకు చెప్పలే?"

"చెప్తనన్న. సారే ఆపిండు. ఆమెనే చెప్తది, జర ఆగుండ్రి అన్నడు."

ఇప్పుడు ఆ ఆఫీసు నేను నడుపుతున్నాను. ఎవరి చీటీనీ మేం మూయం, ఫోన్ చేస్తాం, ఎత్తకపోతే బస్సెక్కుతాం. అందరూ అది సార్ నేర్పిన పద్ధతి అంటారు, నేను తలూపుతాను. ఆయన నాకోసం ఎనిమిదేళ్లు, అదే గదిలో, రోజూ నా ఎదురుగా కూర్చుని ఆగారు. నేను చెప్పలేదు.