గుమ్మం బయట విన్నది

లాండ్రీలో అత్తగారు రోజంతా నిలబడే ఇస్త్రీ చేస్తుంది. కాలరు మీద తడిచేత్తో రాసి పెట్టె ఆనిస్తూ, ఏదో గొణుక్కుంటూనే ఉంటుంది. అది తన మీద సణుగుడేనని కోడలి అనుమానం. వలస వచ్చినప్పుడు వాళ్ల మతంవాళ్లు వెంట తెచ్చుకున్న ఒకే ఒక్క ప్రార్థన పుస్తకం మొన్న అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఎవరికైనా నాలుగు ముక్కలు గుర్తున్నాయేమోనని ప్రార్థనలు చేయించే పెద్దాయన ఇల్లిల్లూ తిరిగి, చివరికి లాండ్రీకి వచ్చాడు. అత్తగారు చొక్కా మడతపెడుతూనే మొదటి పుట నుంచి అప్పజెప్పడం మొదలుపెట్టింది. ఎక్కడా తడబడలేదు. ఆయన గబగబా రాసుకున్నాడు.

"ఎవరు నేర్పారు చెల్లెమ్మా?"

"ఆడవాళ్లకెవరు నేర్పుతారన్నయ్యా? మగవాళ్లు చదువుతుంటే గుమ్మం బయట కూర్చుని విన్నదే."

కోడలు చేతిలో బట్టలు పక్కన పెట్టి చెవి ఒగ్గింది; రోజూ వినే గొణుగుడే అది. సాయంత్రానికి వేళ్లు కొంకర్లు పోయి, పెద్దాయన కలం కింద పెట్టేశాడు.

"అప్పుడేనా? ఇంకా సగముంది" అంది అత్తగారు.