తైమత్త రసమట్టం

మా తైమత్త చేతిసంచిలో ఎప్పుడూ ఒక రసమట్టం ఉంటుంది. మేస్త్రీలు గోడమీద పెట్టి చూస్తారే, మధ్యలో గాజుగొట్టం, అందులో రంగునీళ్ళు, ఆ నీళ్ళలో అటూ ఇటూ జారే ఓ బుడగ, అదే. మిగతా ఆడవాళ్ళ సంచుల్లో కళ్ళజోడూ చేతిరుమాలూ దగ్గుబిళ్ళలూ ఉంటాయి. అత్త సంచిలోనూ ఉంటాయి, కాకపోతే రసమట్టానికి దెబ్బ తగలకుండా చుట్టూ కుక్కడానికి. ఎవరింటికి వెళ్ళినా ముందు అది బయటికి తీస్తుంది. బల్ల మీదో, కిటికీ గట్టు మీదో, నేల మీదో పెట్టి ఒక కన్ను మూసి చూస్తుంది. "బుడగ అబద్ధమాడదు" అంటుంది. ఆ తర్వాత ఆ ఇంటివాళ్ళకి నిద్ర పట్టదు.

ఇందులో విడ్డూరమేమిటంటే, ఫిన్లాండులో ఈ సావో ప్రాంతపు సరస్సుల పక్కన పుట్టిన వాళ్ళం ఎదుటివాడి తప్పు ముఖం మీద చెప్పం. పక్కింటికి నిప్పంటుకున్నా "మీ వైపు ఇవాళ కాస్త వెలుతురుగా ఉన్నట్టుందే" అంటాం. మా ఓయివా మామయ్య, అంటే అత్త మొగుడు, చేపకి ఉప్పెక్కువైతే "నీళ్ళు చాలా రుచిగా ఉన్నాయి తైమీ" అంటాడు. అలాంటి ఊళ్ళో ఆవిడ ఒక్కతే ఏది ఎంత ఒరిగిందో గొంతెత్తి చెప్పేది.

ఓసారి పట్నం బస్సెక్కి డ్రైవరు పక్కన రసమట్టం పెట్టింది. "నాయనా, నీ బస్సు ఎడమకి ఒరిగింది" అంది. డ్రైవరు వెనక్కి తిరక్కుండానే "అయితే మీరు కుడివైపు కూర్చోండమ్మా" అన్నాడు. కూర్చుంది. మళ్ళీ పెట్టి చూసి, "ఇప్పుడు నయం" అంది. అది ఆవిడ బరువు గురించి అన్న మాటేనని ఆవిడకి తప్ప బస్సులో అందరికీ అర్థమైంది.

నా పెళ్ళిలో కేకు కోసే ముందు అందర్నీ ఆపేసి, పళ్ళెం కింద పాస్టరుగారి ప్రార్థన పుస్తకం దోపింది. మా తాహ్వో వాళ్ళ నాన్న పోయినప్పుడైతే శవపేటికే కొలిచింది. "తలవైపు దిగింది" అని గుసగుసగా అంటే చర్చంతా వినపడింది. మేమంతా బూట్లు చూసుకుంటూ కూర్చున్నాం. తాహ్వో వాళ్ళమ్మ, పాపం, ఏడుపు ఆపుకుని, "సర్దు తైమీ, సర్దు. ఆయనకి తల కిందికి ఉంటే తలనొప్పి వస్తుంది" అంది. నలుగురు మగాళ్ళు లేచి సర్దారు. ఆ తర్వాత ఆవిడ హాయిగా ఏడ్చుకుంది.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, నేనూ మా ఆవిడ హెల్వీ సరస్సు ఒడ్డున ఇల్లు మొదలుపెట్టాం. మా వైపు ఇల్లంటే ముందు సౌనా. కాలిన రాళ్ళ మీద నీళ్ళు పోసుకుని, ఆవిరిలో చెమటలు కక్కి, అక్కడే కడుక్కునే గది. అది లేని ఇంటిని ఇల్లనరు, కొట్టమంటారు. దాని కాంక్రీటు నేల పొయ్యడానికి కూలివాళ్ళని పిలవడం కూడా మర్యాద కాదు. ఇరుగుపొరుగు వచ్చి తలో చెయ్యీ వేస్తారు. మనం కాఫీ, ఏలకుల రొట్టె పెట్టాలి, సాయంత్రం ఇంకెవరి సౌనాలోనో స్నానం పోయించాలి. పని బాగా కుదిరితే అందరిదీ గొప్ప, చెడితే మాత్రం ఎవర్నీ ఒక్కమాట అనడానికి లేదు. అదీ చిక్కు.

మా ఊళ్ళో నేలలు పోసేది ఓయివా మామయ్య. పోసేవాడు అనాలి. పోయిన చలికాలం గుండెకి కోత పెట్టించుకొచ్చాక కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నవాడు మళ్ళీ లేవలేదు. డాక్టర్లు నడవమన్నారు. ఎక్కడికి నడవాలో చెప్పలేదు కదా అన్నాడు మామయ్య. అత్త బతిమాలింది, తిట్టింది, చివరికి కుర్చీ ఒరిగిందని వంక పెట్టి తీసేసింది. ఆయన పక్క కుర్చీలోకి మారాడు. అలాంటిది మా సౌనా సంగతి చెవిన పడగానే, "నా రబ్బరు బూట్లెక్కడ?" అన్నాడట. అత్త ఫోన్లో ఆ మాట చెబుతూ చెబుతూ మధ్యలోనే ఫోను పెట్టేసింది.

పోసే రోజు మామయ్య బోర్లించిన బకెట్టు మీద రాజాలా కూర్చున్నాడు. మేం కలిపి తెచ్చి పొయ్యడం, ఆయన వంగి చెక్కతో రుద్దడం. నీళ్ళు మధ్యలో తూములోకి పోవాలి కాబట్టి నాలుగు వైపుల నుంచీ అటు వాలు రావాలి. పని సగానికొచ్చింది. అప్పుడు అత్త గుమ్మంలోకొచ్చి "కాఫీ!" అని కేకేసింది.

మా దేశంలో ఆ కేకకి సైన్యం కూడా యుద్ధం ఆపుతుంది.

"మామయ్యా, ఇది గట్టిపడుతుందేమో?" అన్నాను.

"కాంక్రీటు ఆగుతుందిరా అర్వో. కాఫీ చల్లారిపోతుంది" అన్నాడు.

కాంక్రీటు ఆగలేదు. మేం రెండో కప్పు తాగి, రొట్టె మీద అభిప్రాయాలు చెప్పుకుని వచ్చేసరికి మొండికేసి కూర్చుంది. మామయ్య దాని మీద పడి రుద్దాడు. చెమటలు పట్టాయి, ముఖం మాత్రం వెలిగిపోతోంది. లేచి నడుం పట్టుకుని, "ఇంకా చెయ్యి పోలేదోయ్" అన్నాడు. మేమంతా చప్పట్లు కొట్టాం.

నేల ఆరాక నేనూ హెల్వీ బకెట్టుతో నీళ్ళు పోసి చూశాం. నీళ్ళు తూము వైపు చూడను కూడా చూడలేదు. వరుస కట్టి తలుపు దగ్గరికి వెళ్ళి, గడప కింద చేరి, బట్టలు మార్చుకునే గదిలోకి దారి వెతుక్కోసాగాయి.

"ఇదేంటి?" అంది హెల్వీ.

"వాలు."

"అది తెలుస్తోంది. అటెందుకుంది?"

గొట్టాల పని చేసే తాహ్వోని పిలిచాం. వాడు చాలాసేపు చూసి, మా పద్ధతి ప్రకారం, "తలుపు దగ్గర మాత్రం బాగా శుభ్రంగా ఉంటుంది" అన్నాడు. తర్వాత అసలు మాట అన్నాడు. "ఇలా వదిలేస్తే గోడ చెక్క కుళ్ళిపోతుంది. మునిసిపాలిటీ ఇన్‌స్పెక్టరు ఒప్పుకోడు. మొత్తం పగలగొట్టి మళ్ళీ పొయ్యాలి."

"మామయ్యకి ఎవరు చెబుతారు?" అన్నాను. ముగ్గురం సరస్సు వైపు చూశాం.

ఎందుకంటే మామయ్య ఇప్పుడు కుర్చీలో లేడు. రోజూ దుకాణం దాకా నడిచి వెళ్ళి, పాలు కొనడం మర్చిపోయి, మా నేల గురించి చెప్పి వస్తున్నాడు. తిండి తింటున్నాడు. ఉప్పెక్కువైతే ఉప్పెక్కువైందని కూడా అన్నాడట, అత్తకి ఆనందం పట్టలేదు. ఆయన పోసిన నేల పగలగొట్టామంటే మనిషి మళ్ళీ ఆ కిటికీ దగ్గరికే వెళ్ళి కూర్చుంటాడు. ఈసారి లేపడం మా తరం కాదు.

"మనం చెప్పనక్కర్లేదులే" అంది హెల్వీ నీరసంగా. "శనివారం వాళ్ళు కాఫీకొస్తున్నారు. సంచితో సహా."

శనివారం రానే వచ్చింది. అత్త కోటు విప్పకుండానే తిన్నగా సౌనాలోకి నడిచింది. వెనకాలే మామయ్య, దువ్విన జుట్టుతో, పెళ్ళిచూపుల్లో తండ్రిలా. హెల్వీ "అత్తయ్యా, ముందు కాఫీ..." అంది. అత్త కాఫీకి కూడా ఆగలేదంటే చూడండి.

రసమట్టం తీసింది. వంగి నేల మీద పెట్టింది. ఒక కన్ను మూసింది. నేను పక్కనే వంగి ఉన్నాను కాబట్టి చూశాను. బుడగ ఎటు పోకూడదో అటు పరిగెత్తింది. అత్త దాన్ని చూసింది. మామయ్య బూట్లని చూసింది. తర్వాత తన బొటనవేలు తెచ్చి ఆ గాజు మీద అదిమిపెట్టింది.

"ఏమే, ఎలా ఉంది?" అన్నాడు మామయ్య.

"ఎలా ఉండటమేమిటి, నువ్వు పోసిందేగా. భేషుగ్గా ఉంది" అంది అత్త. "తాహ్వో! ఈ తూము పెట్టిందెవరు?"

"నేనే."

"తప్పు చోట పెట్టావు."

"నక్షాలో అక్కడే..."

"నక్షా గీసినవాడు స్నానం చేస్తాడా ఇక్కడ? హెల్వీకి బెంచీల మీంచి సరస్సు కనపడాలట. బెంచీలు ఇటు తిప్పితే కడుక్కునే చోటు తలుపు దగ్గరికి పోతుంది. తూము కూడా అటే పోవాలి."

"నాకా?" అంది హెల్వీ. అత్త ఆమె కాలు తొక్కింది. "అవును నాకే! కొన్నాళ్ళుగా అనుకుంటున్నాను, చెప్పడానికి మొహమాటమేసింది" అంది హెల్వీ వెంటనే.

మామయ్య నవ్వాడు. "ఈ కాలం పిల్లలు! సరే, నా నేల మాత్రం జాగ్రత్తరా తాహ్వో. తూముకి పట్టినంతే కొయ్యి" అన్నాడు.

తాహ్వో దగ్గర అంత పెద్ద ఉలి లేదు. అత్త వాళ్ళ సామాన్ల గదిలో ఉందంటే మర్నాడు వెళ్ళాను. మామయ్య దుకాణానికి వెళ్ళాడు, పాలకి. అత్త వంటింట్లో నల్లద్రాక్షలాంటి అడవిపళ్ళు ఏరుతోంది.

"అత్తా, నిన్న ఆ వేలేంటి?"

"ఏ వేలు?"

"బుడగ మీద పెట్టావే, అది."

"చలికి తిమ్మిరెక్కింది" అంది. అంటూ చెయ్యి విసిరేసరికి ఓ పండు కిందపడింది. పడ్డది పడ్డచోట ఉండకుండా దొర్లింది. బల్ల కింద నుంచి, బీరువా ముందు నుంచి, తీరుబడిగా వెళ్ళి పొయ్యి కింద దూరింది. తీద్దామని వంగాను. వంగినవాణ్ణి అలాగే ఉండిపోయాను. బల్ల కాళ్ళు నాలుగూ నాలుగు పొడుగులు. బీరువా ఒకవైపు చెక్కముక్కల మీద నిలబడి ఉంది. మంచం, ఫ్రిజ్, కుట్టుమిషను, ఆ ఇంట్లో కాళ్ళున్న ప్రతిదానికీ ఏదో ఒక వైద్యం జరిగింది. పైన మాత్రం అన్నీ అద్దంలా మట్టంగా ఉన్నాయి.

అత్త తలుపు వైపోసారి చూసి కూర్చుంది.

"మా పెళ్ళైన వేసవిలో పోశాడీ నేల. మొట్టమొదటిది. ఆరగానే నన్నెత్తుకుని దీని మీద గిరగిరా తిప్పాడు. దించాక చూద్దును కదా, నేను పొయ్యి వైపు జారుతున్నాను. ఎలా చెప్పమంటావు? ఆయన పొలం వెళ్ళగానే ఈ రసమట్టం కొనుక్కొచ్చి, బల్ల కాళ్ళు కోశాను."

"సరే, బల్ల కొలిచావు. మరి ఊరంతా కొలవడమెందుకు?"

అత్త నా వంక జాలిగా చూసింది. "ఒరేయ్ మొద్దూ, కొత్త సామాను కొన్నప్పుడల్లా కొలిచి చెక్క పెట్టాలా? ఒక్క మా ఇంట్లోనే కొలుస్తుంటే ఆయనకి అనుమానం రాదూ? అన్నిచోట్లా కొలిస్తే, దీని పిచ్చి ఇంతే అనుకుంటాడు."

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఆ బస్సూ, ఆ కేకూ, చర్చిలో శవపేటికా, అన్నీ ఒక్క మనిషి నొచ్చుకోకూడదనే. ఆవిణ్ణి గట్టిగా పట్టుకోవాలనిపించింది. మా వైపు అలాంటివి చెయ్యరు. "ఉలి బాగుంది అత్తా" అన్నాను.

తాహ్వో నేలలో సన్నటి కాలవ కోసి, గొట్టం పొడిగించి, తలుపు దగ్గర కొత్త తూము పెట్టాడు. పాతదాన్ని పూడ్చాడు. బకెట్టు నీళ్ళు పోస్తే బడి వదిలిన పిల్లల్లా అటే పరిగెత్తి మాయమయ్యాయి. ఇన్‌స్పెక్టరు వచ్చి రెండుసార్లు పోసి చూసి, "వాలు బాగా కుదిరింది, ఎవరు పోశారు?" అన్నాడు. ఆ మాట దుకాణానికి నాకంటే ముందు చేరింది.

మొదటిసారి సౌనా వేడి చేసిన రోజు నేనూ మామయ్యా లోపల కూర్చున్నాం. ఆడవాళ్ళు బయట అరుగు మీద కాఫీ సర్దుతున్నారు. కిటికీలోంచి నిజంగానే సరస్సు కనపడుతోంది. డాక్టరు మరీ వేడి వద్దన్నాడని మామయ్య కింది బెంచీ మీద కూర్చుని, కడుక్కున్న నీళ్ళు తూములోకి పోవడం చూస్తున్నాడు.

"నీళ్ళు నేను పంపిన చోటికే వెళ్ళాయిరా" అన్నాడు నెమ్మదిగా. "తూమే కాస్త ఆలస్యంగా వచ్చింది."

నేను గబగబా వీపు రుద్దుకున్నాను.

"మా వంటింటి బల్ల కాళ్ళు ఎప్పుడైనా చూశావా?"

"నీకెలా... నీకు తెలుసా మామయ్యా? ఎప్పటినుంచి?"

"కోసిన రోజు నుంచే. రంపం నాది కదా. మీ అత్త హడావిడిలో రంపప్పొట్టు తియ్యడం మర్చిపోయింది. ఎవరు ఊడ్చారనుకున్నావు?"

"మరి ఇన్నేళ్ళూ చెప్పలేదేం?"

"చెబితే కొలవడం మానేస్తుంది. ఆ సంచి పట్టుకుని ఊరేగుతుంటే ఎంత ముద్దుగా ఉంటుందీ! చర్చిలో నవ్వాపుకోలేక నా కుట్లు... లేదులే, అప్పటికింకా కుట్లు లేవు." చెయ్యి తుడుచుకుని నా మోకాలి మీద తట్టాడు. "నువ్వు కూడా చెప్పకు."

సరిగ్గా అప్పుడే బయట్నుంచి అత్త కేక వినపడింది. "ఒరేయ్ అర్వో! మీ అరుగు సరస్సు వైపు దిగిందిరా! బుడగ అబద్ధమాడదు!"

"వస్తున్నాం తైమీ!" అని అరిచాడు మామయ్య, రాళ్ళ మీద ఓ గరిటెడు నీళ్ళు పోస్తూ. "మేం వచ్చేదాకా కాఫీ కప్పులు పట్టుకో!"